కైఫియత్తులు వ్రాయించిన కావలి సోదరులు

మన నెల్లూరి సీమలో సముద్రపుటొడ్డున నున్న యే పల్లెకైనను బోయి, ఈ యూరు కట్టిన దెవరు, ఈ చెఱువు త్రవ్వించిన దెవరు, ఈ గుడికి మాన్యములు విడిచిన దెవరు అని యడిగినచో, రచ్చబండమీద గూర్చున్న పెద్దలలో నొకరు గొంతు సవరించుకొని కథ ప్రారంభింతురు. ఆ కథ ఆయన తన తాతవలన వినినది. తాత యెవరివలన వినెనో యాయన యెఱుగడు. అందు రాజు లుందురు, కలలో గనబడిన స్వామి యుండును, నడుమ నడుమ ఇంత మడి, ఇంత చేను అను లెక్కయు నుండును. ఇట్టి కథలను ఊరూర దిరిగి, చెప్పినవారు చెప్పినట్లు కాగితముమీద బెట్టించినవారు సుమారు రెండువందల యేండ్ల క్రిందట నుండిరి. ఆ పని నడపిన యన్నదమ్ములను గుఱించి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

వారి యింటిపేరు కావలి. ఆ పేరు వినినంతనే మనకు మన కావలి పట్టణము జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని వీరి జన్మస్థానము ఏలూరు. నియోగి బ్రాహ్మణులు. వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి యను మువ్వురి పేర్లు చరిత్రమున నిలిచినవి. నిలిచిన వని యంటిని గాని, మన పాఠశాలల పుస్తకములలో వెదకిన నవి సులభముగా గానరావు. వీరు సేవించిన దొరగారి పేరు మాత్రము చదువుకొన్నవారందఱు నెఱుగుదురు. ఆయన కర్నల్ కాలిన్ మెకెంజీ.

దొరగారి యొద్దకు బోవుటకు ముందు మన తీరమును గుఱించి యొక మాట. ఆంగ్లేయులు ఈ తీరమున బట్టల వర్తకమునకై తిరుగాడుచు, 1626లో మన దుగరాజుపట్టణమున సరకుల కొట్టు పెట్టి, దానికి చిన్న కోట గట్టుకొనిరి. దానిని వారు ఆర్మగా మని పిలిచిరి. ఆరుముగ మొదలియారు అను నొక పెద్దమనిషి పేరే యట్లు మాఱినదని చెప్పుదురు. అచ్చట నున్న ఫ్రాన్సిస్ డే యనువాడే దక్షిణమునకు బోయి 1639లో చెన్నపట్టణమునకు జోటు సంపాదించెను. బట్టలు కొనవచ్చినవారికి ఊళ్ల చరిత్రముతో బని లేదు. నేతగాడెవడు, ధర యెంత, ఓడ యెప్పుడు వచ్చును అను మూడు మాటలు తెలిసినం జాలును. కాని 1801లో ఆర్కాటు నవాబు చేతినుండి నెల్లూరు సీమ కుంఫిణీవారి పరమైనప్పుడు సంగతి మాఱినది. ఈ భూమి యెవరిది, ఈ యగ్రహారము ఎవ్వ రిచ్చిరి, ఈ పాళెగాని హక్కు ఏనాటిది, ఈ గుడి మాన్యము నిజమా కల్లయా అను ప్రశ్నలకు సమాధానము కావలసివచ్చెను. శిస్తు కట్టించువానికి చరిత్రము అక్కఱకు వచ్చును. మెకెంజీ దొర సేకరణకు కుంఫిణీవారు సమ్మతించుటలో నీ లౌకికము కొంత గలదు. దొరకు మాత్రము స్వయముగా నట్టి యాసక్తి యుండెననుట కాతని జీవితమే సాక్ష్యము.

మెకెంజీ స్కాట్లండునకు బడమట నున్న లూయీ ద్వీపమున 1754 ప్రాంతమున జన్మించి, 1783లో కుంఫిణీ సైన్యమున జేరుటకు చెన్నపట్టణమునకు వచ్చెను. మొదటి యేండ్లలో నాతని యుద్యోగము కోయంబుత్తూరు, దిండిగల్లు ప్రాంతములందును, పిదప మన నెల్లూరు, గుంటూరు సీమలందును నడచెను. దారులు కొలుచుట, పటములు గీయుట ఆతని పని. గొలుసు పట్టుకొని పొలిమేరలు కొలుచువానికి ప్రతి యూరనుం గుడి కనబడును, గుడిలో వ్రాతగల రాయి కనబడును. ఆ రాతిమీది వ్రాత యేమో చదివి చెప్పువాడు లేడు. మన భాషలు తనకు రావని మెకెంజీయే తన జాబులో నొప్పుకొనినాడు. ఇట్లు పదుమూడేండ్లు గడచెను.

1796 ప్రాంతమున నాతనికి బొర్రయ్య దొరకెను. అప్పటికి బొర్రయ్య యిరువదియేండ్ల పడుచువాడు. సంస్కృతాంధ్రములు చదివి, పారసీకము, ఆంగ్లము నేర్చినవాడు. ఆ కాలమున దొరలయొద్ద దుబాసీలుగా నుండి ధనము గూడబెట్టినవా రెందఱో కలరు. బొర్రయ్య చేసిన పని వేఱు. అతడు పండితులను మంచి మాటలతో జేరదీసి, తాళపత్రములు తెప్పించి, రాళ్లకు పట్టిన సున్నము గీకించి, మఱచిపోయిన యక్షరములను గూర్చి కూర్చి చదువ నారంభించెను. శ్రీరంగపట్టణము 1799లో పడిపోయిన పిదప మైసూరు దేశమును కొలుచు పని మెకెంజీకి వచ్చినది. బొర్రయ్యయు వెంట బోయెను. అచ్చట హళగన్నడ మనబడు పూర్వకాలపు కన్నడలిపిని చదువుటకు మార్గము కనిపెట్టెను. ఒక జైన పురోహితుని యొద్ద గూర్చుండి యా మతస్థుల యాచారములను, సిద్ధాంతములను విని వ్రాసి ఆంగ్లమునకు దెచ్చెను. ఆ వ్రాత కలకత్తా ఆసియాటిక్ సంఘమువారి పరిశోధన గ్రంథముల తొమ్మిదవ సంపుటమున బొర్రయ్య పేరుతోనే యచ్చుపడినది. ఒక తెలుగువాని పేరు అట్టి గ్రంథమున నచ్చుపడుట ఆ దినములలో సామాన్యము గాదు. కాని యచ్చుపడునప్పటికి బొర్రయ్య లేడు. 1803లో, ఇంచుమించు ఇరువదియాఱేండ్ల ప్రాయమున, అతడు మరణించెను.

మెకెంజీ పిమ్మట నెన్నియో యేండ్లకు, 1817లో, తన జీవితమును గుఱించి వ్రాసిన యొక జాబులో, ఈ దేశపు విద్యలకు తనకు తలుపు తెఱచినవాడు ఈ బ్రాహ్మణ యువకుడే యని వ్రాసికొనినాడు. దొర తన సేవకుని గూర్చి యట్లు వ్రాయుట మెచ్చదగినదే.

అన్న పోయిన పిదప పని తమ్ముడు లక్ష్మయ్య చేతికి వచ్చెను. బొర్రయ్య దారి తీసెను. ఆ దారిని బండ్లు నడచునట్లు చేసినవాడు లక్ష్మయ్య యని నా యభిప్రాయము. నారాయణరావు, నిటల నాయన, జైనుడైన ధర్మయ్య మొదలగు గుమాస్తాలు ఆతని క్రింద దేశముమీదికి బోవుచుండిరి. ఒకడు దత్తమండలములకు, ఒకడు కొంగుదేశమునకు, ఒకడు మఱియొక సీమకు. వారు పోయిన యూళ్లలో జరిగిన సంగతులు దినచర్యగా వ్రాసి పంపవలెను. లక్ష్మయ్య వానిని జదివి, సారము తీసి, దొరకు నివేదించును. ఏ యూరికి బోయినను కరణమును జూచి కవిలెకట్ట విప్పింపవలెను. స్థానాచార్యుని గలిసి గుడి శాసనములు నకలు చేయవలెను. మఠము లున్నచో మఠాధిపతిని, పాళెగా డున్నచో వాని వంశావళి నెఱిగిన భట్టును వెదకవలెను. వచ్చిన సమాచారమును ఊరి పేర గూర్చి వ్రాసినదే కైఫియత్తు. అది పారసీకమునుండి కచేరీ భాషకు వచ్చిన మాట. స్థితిగతుల వృత్తాంతమని దాని యర్థము.

ఇది వినుటకు సులభము, చేయుటకు గష్టము. ఊరిలోనికి గ్రొత్త మనుష్యుడు కాగితములు పట్టుకొని వచ్చి, మీ మాన్యములెన్ని, మీ కవిలెలో నేమున్నదని యడిగినచో మన పెద్దలు ఏమనుకొందురు? శిస్తు హెచ్చింప వచ్చినాడనుకొందురు. నాడును అట్లే యనుకొనిరి. కొందఱు కవిలె లేదనిరి, కొందఱు కాలిపోయిన దనిరి. ఆ గుమాస్తాల నివేదికలలో నీ మొఱలు కనబడును. వారి భయము పూర్తిగా నిరాధారమనియు జెప్పజాలము. పటము గీయించుచున్నది సర్కారే గదా.

ఇంత కష్టపడి కూర్చిన కైఫియత్తులలో నేమున్నది? చరిత్ర మున్నదని కొందఱు, కట్టుకథలున్నవని కొందఱు చెప్పుదురు. రెండును నిజమే. మన నెల్లూరినే తీసికొందము. ఉసిరిచెట్టును ద్రవిడులు నెల్లి యందురు. ముక్కంటిరెడ్డి యను నొకని మందలోని యావు నెల్లిచెట్టు క్రింది రాతిమీద పాలు విడుచుచుండెననియు, ఆ రాయియే మూలస్థానేశ్వరుడనియు, ఆ చెట్టు పేరనే నెల్లూ రేర్పడెననియు నొక యైతిహ్యము. ఇది యేనాటి మాట, ఆ ముక్కంటి యెవడు అని యడిగిన యైతిహ్యము పలుకదు. శాసనముల దారి వేఱు. వానిలో ఈ యూరే విక్రమసింహపురము. పదుమూడవ శతాబ్దమున తెలుగు చోడరాజు మనుమసిద్ధి కిది రాజధాని. తిక్కన సోమయాజి యాతని యాస్థానమున నుండెను. దాత పేరు, దానము, శకవర్షము శాసనమున జెక్కియుండును. కైఫియత్తులో నవి లేకపోవచ్చును. కాని శాసనము వ్రాయించినది ధనముగలవాడు. ధనములేనివారు తమ యూరిని గుఱించి యేమి నమ్మియుండిరో, చెఱువు తెగినప్పుడు ఎవరు బలియైరని చెప్పుకొనిరో, ఏ కఱవులో నేయే కుటుంబములు లేచిపోయినవో, అది రాతిమీద నుండదు. అది కైఫియత్తులో నున్నది. ఆవు కథ వినగానే నవ్వి కైఫియత్తును మూసివేయు పండితులు ఈ సంగతి గమనింపరు. అట్లే దానిలో నున్నదంతయు నక్షరాల నిజమని, తమ వంశమునకు వేయేండ్ల ప్రాచీనత కట్టబెట్టుకొనువారును గలరు. వారితో వాదించుట మఱింత కష్టము.

మెకెంజీ 1810లో చెన్నపట్టణ రాజధానికి, 1815లో హిందూదేశమున కంతటికిని సర్వేయరు జనరలు పదవి పొందెను. నడుమ జావా దండయాత్రకుం బోయివచ్చెను. 1816లో థామస్ హిక్కీ యను చిత్రకారు డాతని పటము వ్రాసెను. ఎఱ్ఱ యంగీ తొడిగిన దొర నడుమ నిలిచియుండ, ఆతని చుట్టును మువ్వురు హిందూదేశస్థులు కనబడుదురు. ఒకని చేత తాటాకుల పుస్తకము, ఒకని చేత దూరదర్శిని. ఆ మువ్వురిలో లక్ష్మయ్య యొకడని పండితులు చెప్పుచున్నారు. ఆ పటము లండనున నున్నది.

దొర 1817లో కలకత్తాకు బోవుచు లక్ష్మయ్యను, సేకరించిన దాని నంతను వెంట దీసికొనిపోయెను. తీరిక దొరకినపుడు సమస్తమును సరిచూచి గ్రంథము వ్రాయవలె నని యాతని కోరిక. ఆ తీరిక రాలేదు. 1821 మే 8వ తేదీన నాతడు మరణించెను. ఇన్నియేండ్లు ఇంత కూర్చినవాడు చరిత్రగ్రంథ మొక్కటియైనను వ్రాయకయే పోయినాడు. కుంఫిణీవారు ఆతని భార్యకు లక్ష రూపాయ లిచ్చి ఆ సేకరణను కొనిరి. విల్సన్ పండితుడు దానికి పట్టిక వ్రాసి 1828లో అచ్చొత్తించెను. ఆ పట్టికలోని లెక్కలు చిత్తగింపుడు: కావ్యపురాణాది వ్రాతప్రతులు 1,568, స్థలచరిత్రములు 2,070, శాసనముల నకళ్లు 8,076, ఆంగ్లానువాదములు 2,159, చిత్రములు 2,630, నాణెములు 6,218. ఎనిమిదివేల శాసనములనిన, ఎన్ని గుళ్ల ప్రాకారములచుట్టు ఎంతమంది యెండలో గూర్చుండి వ్రాసికొనిరో యూహింపుడు. విల్సను గొప్ప సంస్కృతపండితుడే. కాని యాతనికి దక్షిణదేశ భాషలు రావు. మెకెంజీయొద్ద పనిచేసిన మనవారు సిద్ధపఱచిన సారాంశములే యాతనికి దిక్కైనవి.

ఇక లక్ష్మయ్య సంగతి. దొర పోయిన పిదప నాతడు చెన్నపట్టణమునకు మరలివచ్చెను. 1830 తరువాత నచ్చట నేర్పడిన హిందూ సాహిత్య సంఘమున కధ్యక్షుడయ్యెను. మెకెంజీ ఆరంభించిన పని సగములో నిలిచినదనియు, తనకు సాయము చేసినచో దానిని కొనసాగింతుననియు సర్కారువారికి విన్నవించుకొనెను. ఎవరి యనుభవమైనను ఆతని యనుభవమునకు సాటిరాదు. గుమాస్తాల నేర్పాటు చేసినవాడు తాను, నివేదికలు చదివినవాడు తాను, ఏ కాగిత మేయూరినుండి యెట్లు వచ్చెనో యెఱిగినవాడు తాను. సర్కారువా రా విన్నపమును కలకత్తా ఆసియాటిక్ సంఘమువారి యభిప్రాయమునకు బంపిరి. ఆ సంఘమునకు కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. అశోకుని శాసనముల లిపిని పిమ్మట చదివి లోకప్రసిద్ధుడైన వాడాతడే. 1836లో సంఘమువారి యభిప్రాయము వచ్చినది. లక్ష్మయ్య సహాయకుడుగా ఎంత యుపయోగపడినను, ఇట్టి పనికి తాను పెద్దయై నడపుటకు తగిన యోగ్యత యాతనికి లే దని దాని తాత్పర్యము. పని విలియం టైలర్ అను మతాచార్యున కప్పగింపబడెను.

టైలరును నిందించుట నా యుద్దేశము గాదు. పురుగు తినిన కాగితములను ఓపికతో జదివి, 1838 మొదలుకొని నివేదికలు ప్రకటించి, కొన్నిటిని నశింపకుండ గాపాడెను. యూరపు పండితులు చరిత్రమును పరీక్షించు పద్ధతి లక్ష్మయ్యకు బట్టుబడలేదని సంఘమువా రనుకొని యుండవచ్చును. అది కొంత నిజమే యైనను, తెలుగు రాని విల్సను పట్టిక వ్రాయుటకు యోగ్యుడగుచో, సేకరణ నంతను నడపిన లక్ష్మయ్య దానిని కొనసాగించుట కేల యయోగ్యుడో నాకు బోధపడదు. అన్న పుణ్యమున తెఱచిన తలుపు తమ్ముని మొగముమీద మూసిరి. అటుపిమ్మట నట్టి పెద్దసేకరణ దేశమున జరుగలేదు. శాసనముల కొఱకు వేఱుగా నుద్యోగు లేర్పడిరి గాని, ఊరిపెద్దల నోటిమాటను వ్రాసికొనుటకు ఎవరును రాలేదు.

దక్షిణభాషల వ్రాతప్రతులు కలకత్తానుండి మరల చెన్నపట్టణము చేరినవి. శిథిలమగుచున్న స్థలచరిత్రములకు సి. పి. బ్రౌన్ దొర నకళ్లు వ్రాయించి సంపుటములుగా గట్టించెను. చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నవి చేరినందువలననే మన చరిత్రకారులకు కైఫియత్తులు చదువుటకు దొరకినవి. మన జిల్లా శాసనముల విషయమున నింకొక మేలు జరిగెను. అలన్ బటర్‌వర్తు, వి. వేణుగోపాలచెట్టి యను నిరువురు సివిలు ఉద్యోగులు నెల్లూరు జిల్లాలోని తామ్రశాసనములను, శిలాశాసనములను తాలూకాల వారిగా గూర్చి 1905లో మూడు సంపుటములుగా బ్రకటించిరి. నాటి జిల్లా యిప్పటికంటె బెద్దది. ఒంగోలు, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి యన్నియు నందు జేరినవి. ఆ సంపుటములు తిరుగవేయుచున్నచో, దక్షిణభాగమున తమిళ శాసనములు, ఉత్తరభాగమున తెలుగు శాసనములు, నడుమ రెండును గలిసి యుండుట కనబడును. మన కృష్ణపట్టణము రేవునకు గండగోపాలపట్టణమను పే రుండినట్లు అచ్చటి తమిళ శాసనము తెలుపుచున్నది. తెలుగు చోడుల బిరుదే యా పేరు. ఆ పుస్తకముపై దొర పేరుతోపాటు మనవాని పేరును సమానముగా నచ్చుపడినది. లక్ష్మయ్య విన్నపము త్రోసివేయబడినది మొదలుకొని యప్పటికి దాదా పఱువదితొమ్మిదేండ్లు.

నా చిన్నతనమున మా యూరి కరణముగారి యింటి యటకమీద నెఱ్ఱగుడ్డలో గట్టిన మూటలు చూచితిని. ఎక్కి ముట్టుకొనబోగా ఇంటివారు గద్దించిరి. ఆ కవిలెలు పిదప ఎవరును విప్పలేదు. 1984లో కరణపు పదవులు రద్దగునప్పటికి సగము చెదలపాలైనవని వింటిని. మిగిలినవి యేమైనవో ఇంటివారికే తెలియదు. మీలో నెవరి యటకమీదనైన నట్టి మూట యున్నచో, విప్పుటకు ముందు నీడపట్టున నుంచి మెల్లగా విప్పుడు. ఎండబెట్టినచో నాకులు పెళుసెక్కి విఱుగును.

మూడవవాడైన రామస్వామిని గుఱించి చెప్పక ముగించుట న్యాయము గాదు. అన్నలవలె నాతడును మెకెంజీ సేవలోనివాడే. కాని యాతని మనస్సు కలముమీద. వేంకటాధ్వరి రచించిన విశ్వగుణాదర్శమును ఆంగ్లమునకు దెచ్చి 1825లో కలకత్తాలో నచ్చొత్తించెను. దక్కను దేశపు పట్టణములను వర్ణించు గ్రంథ మొకటి 1828లో వెలువరించెను. మఱుచటి యేట దక్కను కవుల చరిత్రలను ఆంగ్లమున వ్రాసెను. మన కవులను గుఱించి యొక తెలుగువాడు ఆంగ్లమున వ్రాసి యచ్చొత్తించిన తొలి గ్రంథములలో నది యొకటి. తేదీల విషయమున నందు పొరపాటు లెన్నో కలవు. నేటివారు దిద్దవలసినవి దిద్దినారు.

ఆ కవుల నడుమ రామస్వామి తన యన్న బొర్రయ్య చరిత్రమును గూడ వ్రాసెను. పుట్టిన యూరు, చదివిన చదువు, దొరయొద్దకు జేరిన విధము, చదివిన రాళ్లు, అకాలమరణము, అన్నియు నందున్నవి. బొర్రయ్యను గుఱించి మన మెఱిగిన దానిలో బెక్కుభాగము ఆ తమ్ముడు వ్రాసినదే. ఆ గ్రంథము 1829లో అచ్చగునప్పటికి బొర్రయ్య పోయి యిరువదియాఱేండ్లు.